తుక్కు సామాన్ల సూపర్ కంప్యూటర్

అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో ఓక్ రిడ్జ్ అని ఒక ఊరుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అణుబాంబుకు యురేనియం శుద్ధి చెయ్యడానికి ప్రభుత్వం పనిగట్టుకుని కట్టిన ఊరు. ఆ పనికి డబ్బు నీళ్లలా పోసిన చోటే, 1997లో ఇద్దరు పరిశోధకులు ఆఫీసులు వదిలించుకుంటున్న పాత పీసీలు ఏరుకొచ్చి సూపర్ కంప్యూటర్ కట్టారు. ఒక్కో నోడ్‌కు, అంటే అందులో కలిపిన ఒక్కో పీసీకి, అయిన ఖర్చు సున్నా. ఈ ముక్క చదివిన దగ్గర్నుంచీ తుక్కుతో లెక్కలు చేయించిన వాళ్ల కథలు ఎక్కడ కనిపించినా వదలబుద్ధి కావడం లేదు.

వెనక్కి వెళ్తే మొదట తగిలేది ఫ్రాన్స్. ఫ్రెంచి విప్లవం తర్వాత, 1790 దశకంలో, గాస్పార్ ద ప్రోనీ అనే ఇంజనీరుకు బ్రహ్మాండమైన లాగరిథమ్ పట్టికలు తయారుచేసే పని పడింది. ఆయన మనుషుల్ని మూడు వరసలుగా పెట్టాడు. పైన కొద్దిమంది గణితవేత్తలు సూత్రాలు తేలుస్తారు. మధ్యవాళ్లు వాటిని చిన్న చిన్న మెట్లుగా విడగొడతారు. కింద ఉన్న పదులకొద్దీ మందికి కూడికలు, తీసివేతలు వస్తే చాలు. ఆ కింది వరసలో చాలామంది పని పోయిన క్షురకులని చెబుతారు. ప్రభువుల తలలే తెగిపడ్డాక విగ్గులు సవరించే వాళ్లకు బేరం ఎక్కడిది? అలా చూస్తే, ఎవరికీ అక్కర్లేనివాళ్లను పోగుచేసి కట్టిన మొదటి క్లస్టర్, అంటే ఒకే లెక్కను పంచుకుని చేసే గుంపు, ఇదే. తర్వాత 1922లో లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ వాతావరణ జోస్యం కోసం ఒక పెద్ద గుండ్రటి హాల్లో 64,000 మంది లెక్కలవాళ్లను కూర్చోబెట్టినట్టు ఊహించాడు. కాగితం మీద తప్ప ఆ హాలు ఎక్కడా లేదు.

అక్కణ్ణుంచి 1994కి దూకేస్తాను. నాసాకు చెందిన గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ పదహారు 486 డీఎక్స్4 పీసీలను మామూలు ఈథర్‌నెట్ తీగలతో కలిపారు. సెకనుకు వంద కోట్ల లెక్కలు, అంటే ఒక గిగాఫ్లాప్ చేసే యంత్రం 50,000 డాలర్లలో రావాలన్నది వాళ్ల పట్టుదల. ప్రాజెక్టుకు బేవుల్ఫ్ అని పేరు పెట్టారు. పాత ఇంగ్లీషు కావ్యంలో రాక్షసుల్ని చంపే వీరుడతను. మొదటి యంత్రం పేరు విగ్లాఫ్. కావ్యంలో డ్రాగన్‌ను చూసి మిగతావాళ్లంతా పారిపోతే వీరుడి పక్కన నిలబడేది అతనొక్కడే.

వేగంలో విగ్లాఫ్ గిగాఫ్లాప్ దరిదాపులకు కూడా రాలేదు. కానీ దారి చూపించింది. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టం ఉచితం, పైగా దాని ఈథర్‌నెట్ కార్డుల డ్రైవర్లలో చాలావాటిని బెకరే రాశాడు. ఒక తీగ చాలకపోతే రెండు తీగల్ని ఒకటిగా వాడుకునే ఉపాయం కూడా ఆ ప్రాజెక్టులోదే. 1996 కల్లా లాస్ అలమోస్‌లో లోకీ, కాల్‌టెక్‌లో హిగ్లాక్ అనే క్లస్టర్లు, ఒక్కోటి పదహారు పెంటియం ప్రోలతో, దాదాపు అదే 50,000 డాలర్లకు గిగాఫ్లాప్ దాటేశాయి.

ఇప్పుడు ఓక్ రిడ్జ్. ఇక్కడ ఆగకుండా నేను పోలేను. మొదట చెప్పిన ఆ ఇద్దరు పరిశోధకులు, విలియం హార్‌గ్రోవ్, ఫారెస్ట్ హాఫ్‌మన్‌లకు కావలసింది ఒక పటం. ప్రధాన భూభాగంలోని 48 రాష్ట్రాలను చదరపు కిలోమీటరుకు ఒకటి చొప్పున గళ్లుగా విడగొడితే 78 లక్షల గళ్లు తేలాయి. ఒక్కో గడికి వాన, చలి, నేలలో నత్రజని వగైరా 25 దాకా లక్షణాలు. ఒకే తీరు ఉన్న గళ్లను, అవి ఎంత దూరాన ఉన్నా, ఒక జట్టులో చేర్చాలి. అప్పటి ఒంటి పీసీ మొయ్యగలిగే బరువు కాదిది. క్లస్టర్ కడతాం, డబ్బివ్వండని 1996లో దరఖాస్తు పెట్టుకున్నారు. తిరస్కరించారు.

అదే సమయంలో చుట్టుపక్కల ప్రభుత్వ కార్యాలయాలు పాత పీసీలు తీసేసి కొత్తవి తెచ్చుకుంటున్నాయి. వీళ్లిద్దరూ ఒక పాడుపడ్డ గది పట్టి, ఆ పాతవన్నీ అక్కడికి చేరవేసి విప్పడం మొదలెట్టారు. ఒకదాంట్లో మెమరీ, ఇంకోదాంట్లో డిస్కు, వేరేదాంట్లో నెట్‌వర్క్ కార్డు. దాదాపు అయిదింటిని విప్పితే గాని ఒక మంచి నోడ్ తయారయ్యేది కాదట. ఊరివాళ్లంతా తలా కాస్తా వేస్తే రాతితో కాచిన సూప్ రుచికరంగా మారిన యూరోపు జానపద కథ ఒకటుంది. దాని మీద తమ యంత్రానికి స్టోన్ సూపర్‌కంప్యూటర్ అని పేరు పెట్టుకున్నారు. 2001 నాటికి అందులో 133 పెట్టెలు: 486లు 75, పెంటియంలు 53, ఆల్ఫా వర్క్‌స్టేషన్లు అయిదు. అన్నీ కలిసి కాగితం మీద 1.2 గిగాఫ్లాప్‌లు.

నన్ను పట్టేసింది ఆ అంకె కాదు. ఇన్ని రకాల పెట్టెలకు పని సమానంగా పంచితే ఏమవుతుంది? ఆల్ఫా తన వంతు ముగించుకుని ఖాళీగా కూర్చుంటుంది, 486 ఈడుస్తూనే ఉంటుంది, అది ముగించేదాకా అందరూ ఆగాలి. పెళ్లి వంటకు కూరగాయలు తరిగేటప్పుడు ఎవరూ వంకాయలు లెక్కపెట్టి పంచరు. కుప్ప మధ్యలో పోస్తారు, చెయ్యి ఆడినవాళ్లు ఆడినన్ని తీసుకుంటారు. ఇక్కడి ప్రోగ్రాం చేసిందీ అంతే. ఒక యజమాని నోడ్ పనిని చిన్న ముక్కలు చేసి పెట్టుకుంటుంది. ముగించినవాడు ఫలితం అప్పజెప్పి ఇంకో ముక్క అడుగుతాడు. నూట ముప్పై పాత యంత్రాలున్న చోట ఏదో ఒక ఫ్యానో డిస్కో పోకుండా వారం గడవదు కదా, ఇలాంటి ఏర్పాటు లేకపోతే క్లస్టర్‌ను నడిపేవాడికి నిద్ర ఉండదు. డబ్బులొచ్చి అన్నీ ఒకే రకం కొత్త పీసీలు కొని ఉంటే ఈ తెలివి ఇంతగా అవసరపడేదా? నాకు అనుమానమే. ఆ తిరస్కరణ ఉత్తరం పరిశోధనకు మేలే చేసిందంటాను.

అప్పటినుంచి పోయిందల్లా ఆ పెట్టె విప్పే చెయ్యి. ఇవాళ విద్యార్థి క్లౌడ్‌లో గంటల లెక్కన యంత్రం అద్దెకు తీసుకుంటాడు. సుఖమే. కానీ తన ప్రోగ్రాం ఎందుకు నత్తనడక నడుస్తోందో, తప్పు ప్రాసెసర్‌దో తీగదో, కాలికి తగిలే తీగ ఉంటే తెలిసినంత బాగా తెలియదు.

లేమితో నేర్చుకున్న కథ మనకూ ఉంది. అడిగిన క్రే సూపర్ కంప్యూటర్‌ను అమెరికా ఇవ్వనన్నాక, పుణెలో సీడాక్ సంస్థ వాళ్లు ట్రాన్స్‌ప్యూటర్ చిప్‌లను జతచేసి 1991లో పరమ్ 8000 కట్టారు. హైదరాబాద్‌లో డీఆర్‌డీఓ వారి అనురాగ్ సంస్థ విమానాల చుట్టూ గాలి ప్రవాహాన్ని లెక్కకట్టడానికి పేస్ అనే సమాంతర యంత్రాన్ని తయారుచేసింది. పరమ్ పేరు బడిపిల్లలకు కూడా తెలుసు. పేస్ పేరు హైదరాబాద్‌లోనే ఎంతమందికి తెలుసు?

చవక క్లస్టర్ తర్వాత్తర్వాత బొమ్మల్లోకీ దిగింది. 2012లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో సైమన్ కాక్స్ రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్లను 64 లెగో ముక్కలతో కట్టిన అరల్లో పేర్చాడు. అరలు కట్టడంలో సాయం చేసింది ఆయన ఆరేళ్ల కొడుకు. అంతకుముందు 2007లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం డార్ట్‌మత్ శాఖలో గౌరవ్ ఖన్నా, కృష్ణబిలాల లెక్కలకు ప్లేస్టేషన్ 3లు వాడాడు. సోనీ వాటిని తొలిరోజుల్లో తయారీ ఖర్చు కన్నా తక్కువకే అమ్మేది, నష్టాన్ని గేముల మీద రాబట్టుకునేది. గేము కొనకుండా లైనక్స్ ఎక్కించుకునే శాస్త్రవేత్త ఆ కంపెనీకి శుద్ధ దండగ బేరం. అమెరికా వైమానిక దళం ఏకంగా 1,760 ప్లేస్టేషన్లతో క్లస్టర్ కట్టి 2010లో ప్రారంభించింది. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే సోనీ ఒక అప్‌డేట్ పంపి లైనక్స్ దారి మూసేసింది. చేతిలో ఉన్నవాటికి అప్‌డేట్ వెయ్యకపోతే సరిపోయేది. అవి పాడైతే మాత్రం దుకాణంలో కొత్తది కొని ఆ స్థానంలో పెట్టడానికి వీలుండేది కాదు. మళ్లీ పాత పెట్టెల కోసమే వెతుక్కోవాల్సి వచ్చేది.