వాహ్యాళి

‘వాహ్యాళి’ అని రాయబోతే చాలామందికి చేయి తడబడుతుంది. ‘వ్యాహ్యాళి’ అని రాసేవాళ్లున్నారు, ‘వాహ్యాలి’ అనేవాళ్లున్నారు. ఇంట్లోంచి బయటికి వెళ్లడమే కదా అని ‘బాహ్య’ శబ్దంతో ముడిపెట్టేవాళ్లూ ఉన్నారు. ఆ ఊహ సహజమే. కాని ఈ మాట కడుపులో ఉన్నది బయలు కాదు, గుర్రం.

వహ్ అంటే మోయడం, తీసుకుపోవడం. వాహనం, ప్రవాహం, వాహిని, నిర్వహణ, చివరికి వివాహం కూడా ఆ ధాతువు సంతానమే. వాహ్యం అంటే ఎక్కి తోలదగినది, అంటే గుర్రమో ఏనుగో. ఆళి అంటే బారు, వరుస. గుర్రాలను బారుగా నడిపించి పరుగెత్తించే మైదానం వాహ్యాళి. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు కూర్చిన ‘మానసోల్లాసం’లో రాజుగారి వినోదాల పట్టీ ఉంది. అందులో గజవాహ్యాళి వినోదం ఒకటి, తురగవాహ్యాళి వినోదం మరొకటి. అప్పటికి అది కాలినడక మాట కానే కాదు. కత్తి పట్టిన చేతికి, జీను ఎక్కిన నడుముకి చెందిన మాట.

రాజు వాహ్యాళి ఎలా ఉండేదో కళ్లకు కట్టే సాక్ష్యం మనకు మరోచోట దొరుకుతుంది. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, కృష్ణదేవరాయల దినచర్య రాసిపెట్టాడు. తెల్లవారక ముందే లేచి నువ్వుల నూనె తాగి, ఒంటికి పట్టించుకుని, బరువులెత్తి, కత్తి తిప్పి, మల్లుడితో కుస్తీ పట్టి, ఆపైన గుర్రమెక్కి మైదానంలో అటూ ఇటూ దౌడు తీస్తూ పొద్దు పొడిచేదాకా తిరిగేవాడట. పేస్‌కు మన మాట తెలియదు. కాని అతను వర్ణించింది అక్షరాలా వాహ్యాళి. ఎక్కడికీ చేరనక్కర్లేని పరుగు అది. బయలుదేరిన చోటికే తిరిగొస్తుంది.

ఇదే మాట వికృతి పొంది ‘వయ్యాళి’ అయింది. ఆ రూపం గుర్రాన్ని ఇంకా వదల్లేదు. శ్రీరంగంలో వైకుంఠ ఏకాదశితో మొదలయ్యే రాపత్తు ఉత్సవంలో ఎనిమిదో రోజు ఉత్సవమూర్తి నంపెరుమాళ్లు బంగారు గుర్రం మీద వేంచేస్తాడు. మోసేవాళ్లు వాహనాన్ని భుజాన పెట్టుకుని ముందుకీ వెనక్కీ పరుగులు తీస్తారు. నిజంగా గుర్రమే కదం తొక్కుతున్నట్టుంటుంది. దానినే అక్కడ ‘వైయాళి’ అంటారు. అదీ చాలా ఏళ్లలో ధనుర్మాసపు చలిలోనే. మాట పాత ప్రాణం చూడాలనుకునేవాళ్లు నిఘంటువు మూసి ఆ రోజున శ్రీరంగం వెళ్లాలి.

తెలుగులో మాత్రం ఈ మాట గుర్రం దిగింది. సైన్యాలు పోయాయి, రౌతులు పోయారు, మాట మిగిలింది. దాన్ని పంతుళ్లు, ప్లీడర్లు, కాలేజీ కుర్రాళ్లు చేతికర్రతోనో గొడుగుతోనో సాయంత్రం ఏటి గట్టుకు తీసుకెళ్లారు. ‘షికారు’కూ ఇదే జరిగింది. పారశీకంలో షికార్ అంటే వేట. హిందీవాళ్లకు, ఉర్దూవాళ్లకు ఈనాటికీ వేటే. మనం మాత్రం తుపాకినీ, జింకనూ తీసేసి తిరుగుడు ఒక్కటే ఉంచుకున్నాం. పిల్లల్ని షికారుకు తీసుకెళ్తామంటే ఏ తెలుగు తల్లీ కంగారుపడదు. రెండు మాటలూ ఏలినవాళ్ల దగ్గర పుట్టినవే, రెండింటిలోనూ మృగం ఉంది. జనం నోటికి వచ్చేసరికి రెండింటిలోనూ మనిషీ, గాలీ, పక్కన ఒక తోడూ మిగిలాయి. తెలుగు ఆ మాటలకు చేసిన ఉపకారంగానే నేను దీన్ని తలుస్తాను.

విశాఖపట్నం బీచ్‌రోడ్డులో దీనికి చక్కని రుజువు ఉంది. తెల్లవారుజామున కొంతసేపు పోలీసులు ఆ రోడ్డు మీద బండ్లను ఆపేసి నడిచేవాళ్లకు వదులుతారు. వాహనాన్ని ఆపితేగాని వాహ్యాళి సాగదన్నమాట! ఒకే ధాతువుకు పుట్టిన ఇద్దరిలో ఒకరు తప్పుకుంటే మరొకరికి దారి దొరుకుతోంది. ధనుర్మాసంలో ఆ వేళకు గాలి నేల మీదనుంచి సముద్రంలోకి వీస్తూ ఉంటుంది. పగటిపూట ఒళ్లంతా జిడ్డు చేసే ఉప్పుగాలి కాదది, పొడిగా, చల్లగా ఉంటుంది. ఈ తీరం ఆగ్నేయం వైపు చూస్తుంది గనక చలికాలపు సూర్యుడు దాదాపు ఎదురుగా, నీళ్లలోంచే లేస్తాడు.

కాళీమాత గుడి దగ్గర కలుసుకుని కుర్సుర జలాంతర్గామి మ్యూజియం దాటి వుడా పార్కు వైపు సాగే గుంపులను చూడండి. మంకీ క్యాపులు, మఫ్లర్లు, శాలువాలు. అందులో వేగంగా పోయేవాళ్లు ముందే వెళ్లిపోతారు. వెనక మిగిలేది అసలు గుంపు. ‘‘మేస్టారూ, కాస్త ఆగండి, అక్క వెనకబడింది’’ అని ఒకరు అంటే అందరూ ఆగుతారు. అలల దగ్గర వల లాగుతున్నవాళ్లను చూస్తూ నిలబడతారు. ఏ చేప పడిందో అడుగుతారు. మనవడి చదువు, మోకాలి నొప్పి, పండక్కి ఊరెళ్లే రైలు, అన్నీ నడకతో పాటే నడుస్తాయి. ఈ మనుషులు చేస్తున్నది ‘వాకింగ్’ అంటే నేను ఒప్పుకోను. వాకింగ్ డాక్టరు రాసిచ్చిన మందు. దానికి మోతాదు ఉంది, చేతి గడియారంలో అడుగుల లెక్క ఉంది. అది అవసరమైన పనే, నేను కాదనను. కాని వెనకబడిన మనిషి కోసం ఆగితే ఆ లెక్క చెడుతుంది. వాహ్యాళి ఆగితేనే బాగుంటుంది.

‘పచార్లు’ అన్న మాటా ఉంది మనకు. అది ఒక్కచోటే ఇటూ అటూ తిరగడం, తరచు ఒంటరిగా, ఏదో ఆలోచిస్తూ. అలాంటి నడకను సాధనగా మలుచుకున్నవాళ్లూ ఉన్నారు. ఈ బీచ్‌రోడ్డే పట్టుకుని భీమిలి వైపు పోతే తొట్లకొండ, బావికొండ వస్తాయి. సముద్రాన్ని చూస్తూ రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న విహారాలవి. రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉండబట్టి తొట్లకొండకు ఆ పేరు. బౌద్ధంలో నడకకు చంక్రమణమని పేరు. చదును చేసిన బాట మీద, చివరిదాకా వెళ్లి వెనక్కి మళ్లుతూ, ఎరుకతో నడవడం. దానివల్ల ప్రయాణానికి ఓపిక, సాధనకు బలం, ఆరోగ్యం, అరుగుదల, చెదరని ఏకాగ్రత, ఇలా ఐదు లాభాలని అంగుత్తర నికాయం చెబుతుంది. ఆ నడకకు గుర్రం ఏనాడూ లేదు. అయితే తోడూ లేదు. వాహ్యాళికి ఆ తోడు కావాలి, అక్కడే రెండూ వేరవుతాయి.

సముద్రపు ఒడ్డు నడక అమెరికాలోనూ ఉంది. అక్కడి అట్లాంటిక్ సిటీలో హోటళ్లలోకీ రైలుపెట్టెల్లోకీ ఇసుక రాకుండా 1870లో సముద్రం ఒడ్డున చెక్కలు పరిచి బాట వేశారు. న్యూజెర్సీలో స్థిరపడ్డ మనవాళ్లు చలికోట్లు వేసుకుని దానిమీద నడుస్తూ ‘బోర్డ్‌వాక్‌కి వెళ్లొచ్చాం’ అంటారు. ఆ పేరు చెక్కను చెబుతుంది. మనుషులు కలిసి మెల్లగా నడిచిన సంగతి చెప్పాలంటే అక్కడా మన మాటే కావాలి.

మాట చెడిపోవడానికి దానిని తప్పుగా రాయడం కారణం కాదు, పలకకపోవడమే. ఈ సంక్రాంతి సెలవులకు చుట్టాలు వచ్చినప్పుడు, తెల్లారగట్ల లేచిన బాబాయినీ, అత్తయ్యనూ ‘వాకింగ్‌కి వస్తారా’ అనకండి. ‘వాహ్యాళికి పోదాం రండి’ అని పిలవండి. వాళ్లు నడిచినంత మెల్లగా మీరూ నడవండి.