వచనానికి తగిన అక్షరం

పద్యం చెవిని ఆశ్రయించి బ్రతికింది. వచనం కంటిని ఆశ్రయించవలసి వచ్చింది. తెలుగు అచ్చక్షరాల చరిత్రను ఈ దృష్టితో పరిశీలిస్తే అందులో గోదావరీతీరానికి గల స్థానం స్పష్టమవుతుంది.

పదకొండవ శతాబ్దంలో నన్నయభట్టు భారతాంధ్రీకరణకు పూనుకొన్నది రాజమహేంద్రవరంలోనే. ఆనాటి గ్రంథం తాటాకుపై గంటంతో గీసినది. గంటపు గీత మొదటినుండి చివరిదాకా ఇంచుమించు ఒకే మందంతో సాగుతుంది. ఒకరు చదువుతూ ఉంటే పదిమంది వినే కాలంలో అది చాలింది.

1874లో ధవళేశ్వరంలో ఉపాధ్యాయుడుగా ఉన్న కందుకూరి వీరేశలింగం బాలికలకు పాఠశాల తెరిచారు. ఆ సంవత్సరమే 'వివేకవర్ధని' పత్రికను ప్రారంభించారు. అది తొలుత మద్రాసులో అచ్చయ్యేది. తరువాత రాజమహేంద్రవరంలోనే ముద్రాక్షరశాల ఏర్పడింది. ఆ పత్రికలో ధారావాహికగా వెలువడిన 'రాజశేఖర చరిత్రము' 1880లో పుస్తకమయింది. ఈ వచనాన్ని ఎవరూ రాగం తీసి వినిపించరు. క్రొత్తగా అక్షరం నేర్చినవారు ఒంటరిగా, పుట తరువాత పుట చదువుకోవాలి. ఇక్కడే సీసపు అక్షరానికి పరీక్ష ఎదురయింది.

రోమను లిపిలో పుస్తక పాఠానికి వాడే సంప్రదాయ అక్షరాలకు గీతల చివర చిన్న పాదాలుంటాయి. గీతలో సన్నము, లావు మారుతూ ఉంటాయి. తెలుగుకు ఆ పాదాలు లేవు. పంక్తి వెంట చూపును నడిపే పని చాలావరకు తలకట్టుది. అది కూడా అన్ని అక్షరాలకూ లేదు. జ, ణ, బ, ల వంటివి తలకట్టు లేకుండానే నిలుస్తాయి. ద-ధ, డ-ఢ, ప-ఫ జంటలను వేరుచేసేది అడుగున ఒక చిన్న గీత మాత్రమే. వత్తులు పంక్తి క్రిందికి దిగుతాయి గనుక పంక్తుల నడుమ ఎడం ఎక్కువ కావాలి. అక్షరాన్ని మరీ చిన్నది చేస్తే సిరా నిండి ఆ గీతలు పూడిపోతాయి. కనుక మంచి పాఠ్యాక్షరం లక్షణం అలంకారం కాదు. చిన్న పరిమాణంలో సైతం ఈ భేదాలను కాపాడడం.

సీసం పోయి గణకయంత్రం వచ్చినా ఈ ధర్మం మారలేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించి ఉచితంగా అందించిన యూనికోడు ఖతులలో 'పోతన 2000' సన్నము, లావు కలిసిన పుస్తకపు గీతతోను, 'వేమన 2000' ఏకరీతి మందంతోను కనిపిస్తాయి. దీర్ఘమైన వ్యాసానికి మొదటిది, చిన్న సూచనకో శీర్షికకో రెండవది తగునని నా అభిప్రాయం. గంటపు గీతను రెండవదే ఎక్కువగా తలపింపజేయడం విచిత్రం.

నేడు వందల పుటల నవలను సైతం ముఖచిత్రానికి తగిన వంపుల అక్షరాలలో కూర్చేవారున్నారు. అందం చూచినవారు మెచ్చుకొంటారు. ద, ధల మధ్య తడబడిన బాలిక పుస్తకం మూసివేస్తుంది. వీరేశలింగం వచనం వ్రాసినది ఆమె కోసమే.