పొలంలో గుండ్రాలు: కరిష్మానా, కారీగరీనా?

మొన్న ఆదివారం దస్తర్‌ఖాన్ దగ్గర మా మేనల్లుడు ఫోన్ చేతికిచ్చాడు. "మామూ, ఇది చూడండి. ఇంగ్లండ్‌లో గోధుమ చేను. ఒక్క రాత్రిలో ఇంత పెద్ద డిజైన్ పడిందట. జిన్నాతుల పని అంటున్నారు, నిజమేనా?" పక్కనే కూర్చున్న మా ఆపా "సుబ్‌హానల్లాహ్" అంది. నేను వాడికి చెప్పిన కిస్సానే ఇక్కడ రాస్తున్నాను.

1980లలో ఇంగ్లండ్ దక్షిణాన హ్యాంప్‌షైర్, విల్ట్‌షైర్ పొలాల్లో ఇలాంటి గుండ్రాలు ఎక్కువగా కనిపించాయి. పైరు విరగకుండా, ఒకే వైపుకి చుట్టూ వంగి ఉండేది. టెరెన్స్ మీడెన్ అనే వాతావరణ పండితుడు సుడిగాలుల వల్ల అన్నాడు. పాట్ డెల్గాడో, కోలిన్ ఆండ్రూస్ 1989లో ఏకంగా కితాబే రాశారు. మనిషికి అందని అఖల్ ఏదో దీని వెనుక ఉందని నమ్మినవాళ్లకి ఆ కితాబు పెద్ద దలీల్ అయింది.

1991 సెప్టెంబరులో రాజ్ బయటపడింది. సౌతాంప్టన్‌కి చెందిన డగ్ బోవర్, డేవ్ చోర్లీ అనే అరవై దాటిన ఇద్దరు దోస్తులు "టుడే" అఖ్బారుకి వెళ్లి, "ఇది మేం మొదలుపెట్టిన తమాషా" అని ఒప్పుకున్నారు. వాళ్ల సామాను ఒక చెక్క, దానికి కట్టిన తాడు, సూటిగా నడవడానికి టోపీకి వేలాడదీసిన తీగ. అంతే! రాత్రిళ్లు కారు అన్ని మైళ్లు ఎక్కడ తిరుగుతోందని డగ్ బీబీకి షక్ వచ్చిందట. ఇంకో ఆడమనిషి ఉందేమోనని నిలదీస్తే, పాపం అసలు సంగతి చెప్పేయాల్సి వచ్చింది.

మాట నిజమో కాదో చూడాలని అఖ్బారు వాళ్లు ఒక ఇమ్తిహాన్ పెట్టారు. ఆ ఇద్దరితో ఒక డిజైన్ వేయించి డెల్గాడోని పిలిచారు. ఆయన చూసి, ఇది మనుషుల వల్ల అయ్యే పని కాదన్నాడు. తర్వాత సంగతి తెలిసి, మోసపోయానని ఒప్పుకున్నాడు.

"మరి అన్నీ ఆ ఇద్దరే వేశారా?" అన్నాడు మేనల్లుడు. మంచి సవాల్. లేదు. 2001లో విల్ట్‌షైర్ మిల్క్ హిల్ మీద 409 గుండ్రాలతో భారీ డిజైన్ పడింది. అప్పటికి ఈ ఫన్ చాలామంది నేర్చుకున్నారు. కంపెనీల ఇష్తెహార్ల కోసం పైసలు తీసుకుని వేసే కళాకారులూ వచ్చారు. చేలో ట్రాక్టర్ చక్రాల చాళ్లు ముందే ఉంటాయి కాబట్టి, వాటిలో నడిస్తే అడుగుల జాడ పడదు.

నమ్మేవాళ్లు 1678 నాటి ఒక ఇంగ్లిష్ కరపత్రాన్ని కూడా సబూత్‌గా చూపిస్తారు. హర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఒక రైతు, కోత కూలి ఎక్కువ అడిగారని "మీకంటే షైతాన్ కోస్తే మేలు" అన్నాడట. తెల్లారేసరికి ఓట్స్ చేను గుండ్రంగా కోసి ఉందట. కానీ అందులో పైరు కోశారు, వంచలేదు. పైగా అది కూలి తగాదా కథ.

కొన్ని గుండ్రాలు ఎవరు వేశారో ఈరోజుకీ తెలియదు. కానీ దొంగ దొరకనంత మాత్రాన దొంగతనం జిన్ను చేసినట్టు కాదు కదా!

జిన్నాతులు ఉన్నారన్నది మన అఖీదా, అందులో షక్ లేదు. కానీ తెలియని ప్రతిదాన్నీ వాళ్ల ఖాతాలో వేయమని దీన్ చెప్పలేదు. ప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వారి చిన్నారి కొడుకు ఇబ్రాహీం వఫాత్ అయిన రోజే సూర్యగ్రహణం పట్టింది. ఆ మౌత్ వల్లే పట్టిందని జనం అనుకున్నారు. అంత గమ్‌లో కూడా ఆయన ఆ మాటను సాగనివ్వలేదు. ఎవరి చావు కోసమో, పుట్టుక కోసమో గ్రహణం పట్టదని స్పష్టంగా చెప్పారు. తనకు ఇజ్జత్ తెచ్చే అఫ్వాని కూడా ఆయన ఒప్పుకోలేదు. మనమేమో ఏ దలీల్ లేని వీడియోని పదిమందికి పంపిస్తున్నాం!

అసలు ఫికర్ ఇదే. ఈరోజు పిల్లల యఖీన్‌ని ఇలాంటి వీడియో మీద నిలబెడితే, రేపు ఎవరో ఆ చెక్కా తాడూ చూపించినప్పుడు ఏమవుతుంది? ఇంకో సంగతి. ఆ తమాషాకి నలిగిపోయింది ఒక రైతు పంట. అది హుఖూఖుల్ ఇబాద్ మామ్లా. దాని గురించి ఆ వీడియోలో ఒక్క ముక్క లేదు.

మేనల్లుడు కాసేపు ఆలోచించి, "ఫ్యామిలీ గ్రూపులో పొద్దున్నే పెట్టేశాను మామూ" అన్నాడు. ఫర్వాలేదు, ఈ కిస్సా కూడా అక్కడే పెట్టు అన్నాను.