పలకలు విరిచే విద్య: పిల్లల చేతికి తగిన పలక ఏది?

ఒకినావా దీవిలో కరాటే బడి మెట్లెక్కినది 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో. అందుకు ప్రధాన కారకుడు ఇతోసు అంకో. 1908లో విద్యాధికారులకు ఆయన రాసిన పది సూత్రాల లేఖ నేటికీ లభ్యం. గడ్డి చుట్టిన కొయ్యను, అంటే మకివారాను, ఒక్కొక్క చేతితో వందా రెండు వందల సార్లు గుద్దమని అందులో చెప్పారు. ఆ ఇతోసుగారే బడిపిల్లల కోసం ‘పినాన్’ అనే ఐదు సులభమైన అభ్యాస క్రమాలను కూర్చారు. పెద్దల విద్యను పిల్లలకు యథాతథంగా అప్పగించరాదన్న ఎరుక ఆనాటికే ఉన్నదన్నమాట.

పలకలు విరవడాన్ని జపనీయులు ‘తమేషివారి’ అంటారు. ఖడ్గపు పదును పరీక్షించే ‘తమేషిగిరి’కి ఇది తోబుట్టువు మాట, ‘తమేషి’ అంటే పరీక్ష. 1922లో టోక్యోలో కరాటేను ప్రదర్శించి జపాను ప్రధాన భూభాగానికి పరిచయం చేసిన ఫునాకోషి గిచిన్, పలకలూ పెంకులూ పగలగొట్టడం ఈ విద్యకు సారం కాదని భావించారు. కానీ జనం కళ్లు పగిలే వస్తువు మీదే నిలిచాయి. 1950లలో ఒయామా మసుతాత్సు అమెరికాలో చేసిన ప్రదర్శనలతోనూ, ఆ తరువాత తైక్వాండో వ్యాప్తితోనూ పలక ప్రపంచమంతా తిరిగింది. మన పాఠశాలల వార్షికోత్సవాలలో బెంగుళూరు పెంకులు వరుసగా పేర్చి పసివాళ్ల చేత, ఒక్కోసారి తలతో సహా, పగలగొట్టించడం దాని దూరపు నీడ. తలతో కొట్టించడాన్ని నేను ఏ విధంగానూ సమర్థించలేను.

1979లో ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో ఫెల్డ్, మెక్‌నైర్, విల్క్ అనే ముగ్గురు కరాటే దెబ్బలోని భౌతికశాస్త్రాన్ని వివరించారు. ఎముక కాంక్రీటు కంటే ఎన్నో రెట్లు ఒత్తిడిని ఓర్చుకోగలదని అందులోని ఒక ముఖ్యాంశం. అయితే అది ఎదిగిన ఎముక సంగతి. పిల్లల ఎముక చివరన మృదులాస్థితో చేసిన ఎదుగుదల పలక ఉంటుంది. మేము గ్రోత్ ప్లేట్ అంటాము. ఎముక పొడవు పెరిగేది అక్కడే. ఆడపిల్లల చేతిలో ఇది సుమారు 14–15 ఏళ్లకు, మగపిల్లలలో 16–17 ఏళ్లకు మూసుకొంటుంది. అంతవరకు చుట్టూ ఉన్న ఎముక కంటే, కీలును పట్టి ఉంచే నరాల వంటి బంధనాల కంటే అదే బలహీనం. 1963లో సాల్టర్, హారిస్ అనే వైద్యులు ఈ చోటి విరుగుళ్లను ఐదు రకాలుగా విభజించారు. వాటిలో కొన్ని ఎముక ఎదుగుదలనే ఆపివేయగలవు.

పలక విరిగితే చేతి వేగంలో కొంత ముందుకే సాగిపోతుంది. విరగకపోతే చేయి అక్కడికక్కడే ఆగి వెనక్కు తన్నుకొస్తుంది. ఆ బలమంతా వేలి కణుపులే మోయాలి. కనుక పిల్లలకు ప్రమాదం తేలికగా విరిగే పలకతో కాదు, విరగని పలకతో. పైన్ చెక్కలో ముడి ఉన్నా, తేమ ఉన్నా, పోగు అడ్డం తిరిగినా గట్టిదనం మారిపోతుంది. మళ్లీ మళ్లీ వాడే ప్లాస్టిక్ పలకలో ఈ గొడవ తక్కువ. రెండు ముక్కలు నడుమ గాడిలో ఇమిడి ఉంటాయి. తగినంత బలం తగలగానే విడిపోతాయి. గట్టిదనాన్ని రంగు తెలుపుతుంది. కానీ ఒక్కో తయారీదారుది ఒక్కో రంగుల వరుస. పిల్లవాని బెల్టు రంగును చూసి పలక కొనడం పొరపాటు. అందరికంటే మెత్తని దానితో మొదలుపెట్టి, వరుసగా తేలికగా విడదీయగలిగిన తరువాతే పై మెట్టుకు వెళ్లాలి. దెబ్బ సరిగ్గా నడిమి గీత మీద పడకపోతే ఈ పలక కూడా మొరాయిస్తుంది. వాడగా వాడగా గాడి అరిగి వదులవుతుంది కనుక, పిల్లవాని బలం పెరిగిందో పలక అరిగిందో గురువు గమనించాలి. పట్టుకొనేవారు పెద్దవారై, మోచేతులు బిగించి నిలబడాలి. చిన్నవారికి పిడికిలి వద్దు; అరచేతి మడమ, కాలి మడమ చాలు.

అభ్యాసం తరువాత కణుపు దగ్గర వాపు, నొక్కితే నొప్పి రెండు రోజులైనా తగ్గకపోతే ఎముకల వైద్యునికి చూపించండి. మొదటి రకం విరుగుడు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. అటువంటప్పుడు నొప్పి ఉన్న చోటును బట్టే కట్టు వేసి, కొన్ని రోజుల తరువాత మళ్లీ పరీక్షిస్తారు.