ఒకే యంత్రం, వేరు చట్టం

మన సోషల్ పుస్తకంలో రష్యా అంటే 1917. ఇంజనీరుగా ఫ్యాక్టరీల్లో పనిచేశాక, అంతకు ముందు అక్కడి కార్మికుడు ఎలా బతికాడో తెలుసుకోవాలనిపించి చదివాను.

రష్యా నూలు మిల్లులకు ఎన్నో యంత్రాలు ఇంగ్లండ్ నుంచే వెళ్లాయి. లుడ్విగ్ క్నూప్ అనే జర్మన్ వ్యాపారి వాటిని తెప్పించేవాడు. కార్మికుల కష్టాలు రెండుచోట్లా ఉన్నవే. మాంచెస్టర్ మిల్లుల్లోనూ పసిపిల్లలు నలిగిపోయారు. తేడా చట్టంలో ఉంది. బ్రిటన్‌లో 1847లోనే బట్టల మిల్లుల్లోని స్త్రీలకు, పిల్లలకు పదిగంటల చట్టం వచ్చింది. 1871లో సంఘాలకు గుర్తింపు దక్కింది. జర్మనీలో 1883లో ఆరోగ్య బీమా, మరుసటి ఏడు ప్రమాద బీమా వచ్చాయి. రష్యాలో 1897లో గాని పనిగంటలు పదకొండున్నరకు దిగలేదు. సంఘం పెట్టుకునే హక్కుకు 1906 దాకా ఆగాల్సి వచ్చింది.

అక్కడి కార్మికుల్లో చాలామంది పల్లె రైతులే. భార్యాబిడ్డలను ఊళ్లో వదిలి ఫ్యాక్టరీ బ్యారక్‌ల్లో, అద్దెగది మూలల్లో తలదాచుకునేవారు.

1905 జనవరిలో పీటర్స్‌బర్గ్ పుతిలోవ్ ఫ్యాక్టరీలో కొందరిని పనిలోంచి తీసేస్తే సమ్మె మొదలై నగరమంతా పాకింది. ఎనిమిది గంటల పని, సంఘ స్వేచ్ఛ కోరుతూ జార్ చక్రవర్తికి అర్జీ ఇవ్వబోయిన జనంపై సైన్యం కాల్పులు జరిపింది.

యంత్రాలు తెచ్చుకున్నారు, కార్మికుడి మాట వినే పద్ధతి తెచ్చుకోలేదు. సేఫ్టీ వాల్వు లేని బాయిలర్ ఏమవుతుందో మా వృత్తిలో అందరికీ తెలుసు. రేపు ఫ్యాక్టరీలు నడపబోయే మన బడి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను చెప్పదలచింది ఇదే: అర్జీ చేతికి అందినప్పుడే చదవండి.