చిగురు దేనికోసం ఆగుతుంది? శేషాచలం ఆకురాల్చే అడవిలో ఒక పరిశోధన ప్రశ్న

ఉగాది నాటికి వానలుండవు. అయినా వేప చిగురిస్తుంది, కానుగ చిగురిస్తుంది. మనకు ఎంతగా అలవాటైన సంగతంటే, అందులో ఒక చిక్కు ఉందని తోచదు. ఆకు తొడగడమంటే నీటి ఖర్చు. కార్బన్ డయాక్సైడ్‌ను లోనికి తీసుకోవడానికి పత్రరంధ్రాలు తెరుచుకుంటే ఆవిరి బయటికి పోతుంది. నేల ఎండి, గాలి పొడిబారిన నెలల్లోనే ఈ ఖర్చు ఎందుకు?

ఎలియట్, బేకర్, బోర్షర్ట్ థాయిలాండ్ అడవుల మీద 2006లో ప్రచురించిన వ్యాసం దీన్ని ఆసియా ఋతుపవన అడవుల వైరుధ్యంగా ముందుకు తెచ్చింది. తొలకరికి నెల, రెండు నెలల ముందే చాలా చెట్లు చిగురిస్తున్నాయనీ, నేల లోపలి పొరల్లో మిగిలిన నీరు అందుకు ఆధారమనీ, మార్చి విషువత్తు తర్వాత పెరిగే పగలే వాటికి సంకేతమై ఉండవచ్చనీ వారి వాదన.

వాతావరణ మార్పు చర్చలో ఈ ఒక్క ప్రశ్నకు చాలా బరువుంది. చిగురుకు సంకేతం పగటి నిడివే అయితే, ఎండలు ఎంత పెరిగినా చెట్టు తేదీ మార్చుకోలేదు. పగటి నిడివికి వేడితో పనిలేదు. లేత ఆకు నేరుగా వడగాలిలోకి వస్తుంది. సంకేతం నీరైతే చెట్టు వేచి చూడగలదు, కానీ ఆకు నిలిచే కాలం తగ్గి ఆ ఏడాది సంపాదన కుంచించుకుపోతుంది. ఉష్ణమండల చెట్ల ఆకుల్లో కిరణజన్య సంయోగక్రియ సగటున 46.7 డిగ్రీల దగ్గర దెబ్బతినడం మొదలవుతుందని 2023లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది. మే నెలలో రాయలసీమ గాలే 40 డిగ్రీలు దాటుతుంది. రంధ్రాలు మూసుకున్న ఆకు ఎండలో గాలికంటే వేడెక్కుతుంది.

దీన్ని పరీక్షించడానికి ఎర్రచందనాన్ని మించిన చెట్టు నాకు కనబడదు. శేషాచలం, పాలకొండ, వెలికొండ, లంకమల వంటి దక్షిణ తూర్పు కనుమల కొండలే దాని సహజ నివాసం. నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండూ తాకే రాతినేలల్లో పెరుగుతుంది. వేసవికి ముందు ఆకు రాల్చి, ఎండలు ముదిరే వేళకు పూతకొస్తుంది. దొంగరవాణా మీద వెలువడినన్ని వ్యాసాలు దాని చిగురు మీద వెలువడలేదు.

హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వంటి సంస్థలు వాడే ఉపగ్రహ చిత్రాలు కొండ ఎప్పుడు పచ్చబడిందో చెబుతాయి. ఆ పచ్చదనం ఎర్రచందనానిదా, చిరుమానుదా చెప్పడం కష్టం. అందుకు నేల మీద, అవే చెట్లను, ఏళ్ల తరబడి చూడాలి. తమిళనాడులోని ముదుమలైలో రామన్ సుకుమార్ బృందం 1988లో 50 హెక్టార్ల గడి ఏర్పరచి, ఛాతీ ఎత్తున ఒక సెంటీమీటరు, అంతకు మించి లావున్న ప్రతి కాండానికీ సంఖ్య వేసింది. అక్కడి తొలి పాఠాల్లో ఒకటి వాతావరణం గురించి కాదు: కైడియా అనే చెట్టు వేగంగా తగ్గిపోవడానికి ప్రధాన కారణం ఏనుగులు. శేషాచలంలో ఆ పాత్ర గొడ్డలిది, నిప్పుది, మేతది. లావు మానులు నరికివేతకు గురైన చోట మిగిలిన సన్నవాటిని కొలిచి కరవుకు నిందవేస్తే లెక్క తప్పుతుంది.

పరికరాల సంగతి సులువే. కాండానికి చుట్టే లోహపు పట్టీ మాను ఉబ్బడాన్నీ కుంచించుకోవడాన్నీ చూపిస్తుంది; తెల్లవారకముందు కోసిన రెమ్మలో నీటి ఒత్తిడి, వేరుకు ఎంత నీరు అందుతోందో చెబుతుంది. కష్టమల్లా ఓపికది. మూడేళ్ల పరిశోధన ఫెలోషిప్ రెండు మంచి వానకాలాల్లోనే అయిపోవచ్చు.

డబ్బు తక్కువున్నవారికీ ఒక దారి ఉంది. కొండ మీద దానంతట అది మొలిచిన ఎర్రచందనాన్నీ, కొండ కింద నాటి నీళ్లు పోస్తున్న ఎర్రచందనాన్నీ ఫిబ్రవరి నుంచి జూన్ దాకా వారం వారం చూడటం. రెండూ ఒకే వారంలో చిగురిస్తే పగటి నిడివి వాదానికి బలం. నీళ్లు తాగిన చెట్టు ముందుంటే తేమ వైపు మొగ్గాలి. అది అసలు ఆకే రాల్చకపోతే, ముందు ఆకు రాలడం గురించి అడగాలి.