నడుమ నిలిచిన చదువు



ముప్పదియేండ్లు దాటినవాడు పుస్తకము చేతబట్టి కనబడెనేని "ఏమోయి, ఇప్పుడా ఓనమాలు?" అని అరుగుమీదివారు నవ్వుట మన యూళ్లలో వాడుక. ఆ నవ్వులో విషము లేదు. కాని దానికి జంకి దరఖాస్తు కాగితమును మడిచి పెట్టె యడుగున దాచినవారిని నేనెరుగుదును. జీవనోపాధిని విడువక, నడుమ నిలిచిన చదువును పూర్తిచేసి పట్టము పొందగోరువాడు వింతమనిషి కాడు. వాని వెనుక 160 సంవత్సరములకు పైబడిన చరిత్ర కలదు.

మాకు వ్యాకరణము చెప్పిన గురువుగారి వీధియరుగు మీద, బాలురమగు మా ప్రక్కనే నలుబదియేండ్ల పురోహితుడొకరు కూర్చుండి సంధిసూత్రములు వల్లెవేయుచుండెడివారు. ఆయన వయస్సును గురువుగారడుగలేదు, మేమును అడుగలేదు. అయితే నిజము దాచరాదు. వయస్సు నడుగని ఆ కాలపు గురువులలో పెక్కుమంది కులము నడిగెడివారు. విశ్వవిద్యాలయములు వచ్చిన తరువాత ప్రశ్న మరియొక రూపము దాల్చినది. "నీకేమి తెలియును?" అనుటకు ముందు "నీవెక్కడ కూర్చుండి చదివితివి?" అని అడుగసాగిరి. పగలు కొలువునకు పోవువాడు పగటి తరగతిలో కూర్చుండలేడు గదా!

1823లో లండను నగరమున జార్జి బర్కుబెక్ అను వైద్యుడు మరికొందరితో గూడి పనివారి కొరకొక విద్యాసంస్థను నెలకొల్పెను. పగలెల్ల పనిచేసినవారు సాయంకాలము అచట చదువుకొనిరి. చదువు దొరకినది గాని పట్టము దొరకలేదు. 1858లో లండను విశ్వవిద్యాలయము క్రొత్త శాసనమును పొంది, వైద్యము దక్క తక్కిన పట్టపరీక్షలకు, ఏ కళాశాలలో చదివితివని అడుగుట మానివేసెను. రుసుము చెల్లించి పరీక్షలో నెగ్గినచో చాలును. బడిపంతుళ్లకును, గుమాస్తాలకును, సముద్రముల కావలనున్నవారికిని ద్వారము తెరువబడినది. అంతకు ముందటి యేడే, అనగా 1857లో, మన దేశమున కలకత్తా, బొంబాయి, మదరాసు విశ్వవిద్యాలయములు లండను మాదిరినే ఏర్పడినవి. కాని అనుబంధ కళాశాలలో చదివియుండవలెనను కట్టుబాటును ఇవి సామాన్యముగా విడువలేదు. మాదిరిని తెచ్చుకొన్నారు గాని, మాదిరి మారినప్పుడు తాము మారలేదు.

ఇక మన దేశమున నడుమ నిలిచిన చదువును పట్టుదలతో పూర్తిచేసినవారిలో డాక్టరు భీమరావు అంబేద్కరును మించిన ఉదాహరణము నాకు తోచదు. ఆయన రాజ్యాంగ రచనను గూర్చి అందరెరుగుదురు. ఆయన దరఖాస్తులను గూర్చి తక్కువ మంది ఎరుగుదురు. బరోడా సంస్థానము వారి విద్యార్థివేతనముతో అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయమున చదివి, 1916లో ఆయన లండను చేరెను. 1917లో వేతనపు గడువు తీరిపోయినది. చదువు సగములో విడిచి మరలవలసివచ్చెను. పయనమునకు ముందు ఆయన చేసిన పని గమనింపుడు. నాలుగేండ్లలోగా తిరిగివచ్చి చదువు కొనసాగించుకొనుటకు లండను విశ్వవిద్యాలయము వారి అనుమతిని పొందెను. యుద్ధకాలమగుటచే, వేరు ఓడలో పంపిన ఆయన పుస్తకములు శత్రువుల దాడిలో ఓడతో కూడ మునిగిపోయినవి. బరోడాలో కొలువు దొరకినది గాని ఇల్లు దొరకలేదు. పారసీల సత్రమున తలదాచుకొనగా, కులము తెలిసి కొందరు కర్రలు పట్టుకొనివచ్చి వెళ్లగొట్టిరి.

1918లో బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో నెలకు 450 రూపాయల జీతముపై అర్థశాస్త్రాచార్యుడాయెను. మరియొకడైన అంతటితో తృప్తిపడియుండును. ఆయన పైకము కూడబెట్టెను. కొల్హాపూరు ప్రభువగు సాహు మహారాజు సహాయము చేసెను. నావల్ భతేనా అను పారసీ మిత్రుడు 5,000 రూపాయలు అప్పిచ్చెను. ఒక చోట పారసీలు తరిమిరి, మరియొక చోట పారసీయే చేయూత నిచ్చెను. మనుష్యులను జాతిగా తూచరాదనుటకు ఇంతకన్న ఏమి కావలెను? 1920లో, అనుమతించిన గడువు తీరకముందే, 29వ యేట ఆయన మరల లండను చేరెను. ఇంటివద్ద రమాబాయి కొలదిపాటి పైకముతో సంసారమీడ్చెను. ఆమె పేరు ఏ పట్టముమీదను లేదు. 1921లో ఎం.ఎస్‌సి., 1923లో రూపాయి సమస్యపై వ్రాసిన సిద్ధాంతవ్యాసమునకు డి.ఎస్‌సి. పట్టమును ఆయన పొందెను.

స్వతంత్ర భారతమున 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయము తపాలా ద్వారా పాఠములు పంపుట ప్రారంభించెను. 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయమును ఆ త్రోవనే పట్టెను. ఇంగ్లాండులో 1969లో ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయము 1971లో రేడియో, టెలివిజనుల సహాయముతో బోధన ఆరంభించి, పూర్వపు యోగ్యతాపత్రములను అడుగుట మానినది. ఆ మార్గమున మన దేశములో మొట్టమొదట నడిచినది తెలుగుదేశమే. 1982 ఆగస్టు 26వ తేదీన, భవనం వెంకట్రామిరెడ్డిగారు ముఖ్యమంత్రిగా నున్నప్పుడు, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసెను. ఆచార్య జి. రాంరెడ్డిగారు దాని తొలి ఉపకులపతి. 1991లో దానికి అంబేద్కరు పేరు పెట్టిరి. ఇంతకన్న తగిన పేరు దొరకదు.

దాని గడప నేనును త్రొక్కినవాడనే. భాషాప్రవీణ పరీక్ష నెగ్గి, గ్రామ పాఠశాలలో తెలుగు పండితుడనై యుండగా, ఒక పట్టణపు కళాశాలకు బి.ఎ.లో చేరుటకై పోతిని. నా పండిత బిరుదు వారి ఇంటరునకు సరిరాదనిరి, కొలువు విడిచిన గాని చేర్చుకొనమనిరి. పాణినీయము చదివినవానికి ఆ మాట ములుకువలె తగిలినది. 1986లో సార్వత్రిక విశ్వవిద్యాలయపు దరఖాస్తు నింపితిని. కళాశాల కాగితములో తండ్రి వృత్తి యేమని అడిగిరి; ఇందులో నా వృత్తి యేమని అడిగిరి. ఆ గడిలో "ఉపాధ్యాయుడు" అని వ్రాయునప్పుడు నాకు కలిగిన గౌరవము ఇప్పటికిని మరువలేదు. పూర్వపు చదువు లేనివారికై నాడు ప్రవేశార్హత పరీక్ష యుండెను. ఒక కండక్టరు, ఒక నర్సు, బీడీల కంపెనీ గుమాస్తా నాతో కూడ వ్రాసిరి. పాఠములు తెలుగులోనే, సందేహములు తీర్చుట ఆదివారములందు, కొన్ని పాఠములు ఆకాశవాణి ద్వారా. తపాలాలో వచ్చిన పాఠము గురుముఖమునకు సాటి కాదని నా యభిప్రాయము. చేరినవారందరును గట్టెక్కలేదు. ఆ కండక్టరు రెండవ యేటనే మానివేసెను. డ్యూటీలు ఆదివారములను మింగినవని చెప్పెను.

మూడవ సంవత్సరపు చివరి పరీక్షనాడు నా ముందు వరుసలో నా పూర్వశిష్యుడే కూర్చుండియుండెను. నన్ను చూచి వాడు చటుక్కున లేచి నిలువబోగా, పర్యవేక్షకుడు "కూర్చో" అని గద్దించెను. వాడు కూర్చుండెను. నేనును కూర్చుంటిని. ఇద్దరమును కలములు తీసితిమి.